మన పిల్లలు నిలబడరు అంటున్న పెద్దలకు, పదకొండు గంటలు నిలబడ్డవాళ్ల జవాబు



పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని చదవండి, కానీ చివరిదాకా చదవండి. సగం చదివి "బాగా రాశారు తమ్ముడూ" అని వెళ్లిపోవద్దు. ఇది మెచ్చుకోళ్ల కోసం రాసింది కాదు.

మొన్న జాబ్ మేళా ఫొటోలు గ్రూపులో పెట్టారు. ఫ్లెక్సీ, శాలువాలు, ఆఫర్ లెటర్లు పట్టుకుని వరసగా నిలబడ్డ మన పిల్లలు. చూసి సంతోషపడ్డాం. తర్వాత నడిచిన చర్చలో ఒక పెద్దాయన అన్నారు: "ఎన్ని ఉద్యోగాలు ఇప్పించినా మన పిల్లలు నిలబడరు. నెల తిరక్కుండా బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేస్తారు. కష్టపడే గుణం లేదు." ఆ మాటను ఒక్కరు కూడా కాదనలేదు. పైగా మాకు పాఠాలు చెప్పిన సార్లు, మా కోసం ధర్నాలు చేసిన అన్నలు కూడా "నిజమే" అన్నారు. ఆ మాట బయటివాళ్లు అంటే పట్టించుకునేవాళ్లం కాదు. మనవాళ్లే అన్నారు కాబట్టి జవాబు చెప్పాల్సి వస్తోంది.

ముందు మేమెవరో చెబుతాం. పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఊళ్ల నుంచి వచ్చి విశాఖలో డిగ్రీ చదువుతున్న హాస్టల్ పిల్లలం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అబ్బాయిలు, అమ్మాయిలు కలిపి పదకొండు మందిమి ఇంటర్ తర్వాత ఇలాంటి మేళాల్లోనే సెలెక్ట్ అయి, హైదరాబాద్‌లో ఒక పెద్ద సూపర్ మార్కెట్ కంపెనీ బ్రాంచీల్లో పనిచేశాం. తక్కువ చేసినవాళ్లు నలభై రోజులు, ఎక్కువ చేసినవాళ్లు తొమ్మిది నెలలు. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే అందరూ ఆ ఒక్క కంపెనీని తిట్టి ఊరుకుంటారు. టైపు చేస్తున్నది ఒకరే, మాట మాత్రం పదకొండు మందిది. అందుకే "మేము".

మీరు "నిలబడరు" అన్నారు కదా. ఆ ఒక్క మాట పట్టుకునే మాట్లాడదాం.

పొద్దున షిఫ్టు ఎనిమిదికి మొదలైతే సాయంత్రం ఏడు. మధ్యాహ్నం షిఫ్టు పన్నెండుకు మొదలైతే రాత్రి పదకొండు. రాగానే వరసలో నిలబెట్టి గోళ్లు, గడ్డం, బూట్లు, అమ్మాయిల జడ చూస్తారు. నిన్న సేల్ ఎంత, ఇవాళ టార్గెట్ ఎంత అని చెబుతారు. ఫోన్లు లాకర్లో పెట్టేయాలి. తర్వాత ఫ్లోర్ మీదికి. పాత తేదీ సరుకు ర్యాకులో ముందుకు, కొత్త తేదీ సరుకు వెనక్కి. కింది అర కోసం వంగాలి, పై అర కోసం మునివేళ్ల మీద లేవాలి. కస్టమర్ ట్రాలీ తోసుకుంటూ వస్తే పక్కకు జరిగి నవ్వాలి. ఎవరో బిస్కెట్లు పప్పుల ర్యాకులో వదిలేసి పోతే తెచ్చి మళ్లీ సర్దాలి. ఆ మధ్యలో లారీ వస్తే గోడౌన్లోకి పరుగు. 26 కిలోల బియ్యం బస్తాలు, నూనె డబ్బాల అట్టపెట్టెలు. మధ్యాహ్నం తిండికి అరగంట. ఆ అరగంట తప్ప మిగతా పదిన్నర గంటలూ కాళ్ల మీదే.

షాపు అంతా వెతికినా మాకంటూ ఒక స్టూలు లేదు. నూనె పెట్టె మీద కాసేపు ఆనుకుంటే సీసీ కెమెరాలో చూసి మైకులో పేరు పిలిచేవాళ్లు. బాత్రూంకు పోవాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి. నెలసరి రోజుల్లో మగ సూపర్‌వైజర్‌ని ఒకే పూట రెండోసారి అడగలేక మా అక్కచెల్లెళ్లు నీళ్లు తాగడమే మానేసేవాళ్లు. రాత్రి రూముకొచ్చి ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటేగాని నిద్ర పట్టేది కాదు.

కష్టపడే గుణం లేదా మాకు? పోడు కొట్టిన తల్లులకు పుట్టినవాళ్లం. సెలవుల్లో కాఫీ పండు ఏరినవాళ్లం. గెడ్డలోకి దిగి బిందె నింపుకుని గట్టెక్కినవాళ్లం. తేడా ఎక్కడుందో ఆలోచించండి. కొండ మీద ఎంత పని చేసినా అలిసిపోతే చెట్టు కింద కూర్చుంటాం. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పని ఉన్నా లేకపోయినా, కస్టమర్ ఉన్నా లేకపోయినా, కూర్చోకుండా ఉండటమే పని అయిన చోటు మాకు ఇక్కడే కనిపించింది. ఇంకా ఎలా నిలబడాలి పెద్దలారా?

ఇప్పుడు జీతం సంగతి. మేళాలో మైకులో చెప్పింది 14,000. ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలకు అదే చెప్పాం. మొదటి నెల స్లిప్పు తీసుకుని మేమే లెక్క కట్టాం, మీరూ కట్టండి. స్లిప్పులో జీతం 12,000. మిగతాది ఏమైంది అంటే, కంపెనీ తన వాటాగా కట్టాల్సిన పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 390, రెండూ కలిపి రౌండ్ చేసి మాకు "జీతం" అని చెప్పారు. ఆ 12,000లో మా వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,440, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 90 పోతే 10,470. రూములో మంచానికి 2,500 పోతే 7,970. యూనిఫాం, బూట్లకు మొదటి విడత 900 పోతే 7,070. "షార్టేజి" కింద 350 పోతే 6,720. తిండి, బస్సు చార్జీ ఇందులోంచే. పీఎఫ్, ఈఎస్ఐ కోయడం తప్పని మేం అనడం లేదు. అవి మన డబ్బే, మన రక్షణే. కానీ ఈఎస్ఐ నంబరు ఎంతో మాకు ఎవరూ చెప్పలేదు. మాలో ఒకరికి జ్వరం వస్తే ప్రైవేటు క్లినిక్కులో అప్పు చేసి చూపించుకున్నాడు. జీతంలోంచి ఈఎస్ఐ కోత మాత్రం ప్రతి నెలా సాగింది.

షార్టేజి అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. నెలాఖరులో స్టాకు లెక్క చూస్తారు. కంప్యూటర్లో ఉన్నదానికీ ర్యాకులో ఉన్నదానికీ తేడా వస్తే ఆ డబ్బు ఫ్లోర్ మీదున్న అందరికీ పంచి కోస్తారు. దొంగ ఎవరో తెలియదు. బిల్లింగ్ తప్పా, ఎలకలు కొట్టాయా, లారీలోనే తక్కువ వచ్చిందా అదీ తెలియదు. చట్టం ఏం చెబుతుందంటే, ఒక ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, సంజాయిషీ చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి, అప్పుడే కోయాలి. అందరి నెత్తినా పంచడం కోత కాదు, జరిమానా. ఏ తప్పూ చెయ్యనివాళ్లు కట్టే జరిమానా.

ఇంకో లెక్క. షాపుల చట్టం ప్రకారం వారానికి 48 గంటల పని. దాటితే ఓటీ, అదీ రెట్టింపు రేటుతో. తిండి టైము తీసేసినా మేం చేసింది వారానికి 63 గంటలు. అంటే వారానికి 15 గంటలు ఎక్కువ, నెలకు 60 గంటలు. 12,000ను 26 రోజులకు, రోజుకు 8 గంటలకు పంచితే గంటకు 57 రూపాయల పైన. రెట్టింపు చేస్తే 115. అరవై గంటలకు దగ్గర దగ్గర 6,900. మా చేతికొచ్చిన జీతం 6,720. మాకు ఇవ్వని ఓటీ మాకు ఇచ్చిన జీతం కంటే ఎక్కువ! ఈ లెక్క చూశాక కూడా "నిలబడరు" అనే మాట మీ నోటికి వస్తుందా?

డబ్బు సంగతి ఒక్కటే అయితే ఈ పోస్టు రాసేవాళ్లం కాదు. డబ్బు తక్కువ పనులు మన ఇళ్లలో కొత్త కాదు.

మాతోపాటు అదే రోజు చేరిన మైదానం పిల్లలు ఉన్నారు. వాళ్లూ ఇంటరే, మేమూ ఇంటరే. నెల తిరగ్గానే వాళ్లలో చాలామంది బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్లారు. మేం గోడౌన్లో, ర్యాకుల దగ్గర, కూరగాయల సెక్షన్లో మిగిలాం. ఎందుకని అడిగితే "మీ భాష కస్టమర్లకు అర్థం కాదు" అన్నారు. మేం తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లం. ఇంట్లో కువి మాట్లాడతాం, ఒడియా మాట్లాడతాం, కొండ భాష మాట్లాడతాం, బయట తెలుగు మాట్లాడతాం. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకు భాష రాదంట! మాకు పేర్లున్నా "ఏయ్ ఏజెన్సీ" అనే పిలిచేవాళ్లు. షార్టేజి వచ్చిన నెల బ్యాగులు ముందు ఎవరివి చూసేవాళ్లో చెప్పక్కర్లేదు కదా.

అదే షాపులో మేం సర్దిన సరుకు ఏంటో తెలుసా? కుంకుడుకాయలు, కొండ చీపుర్లు, అడ్డాకుల విస్తర్లు, పసుపు, రాజ్మా, తేనె, చింతపండు, కాఫీ పొడి. మా అమ్మలు సంతకు మోసుకెళ్లి, తూకంలో మోసపోయి, షావుకారు చెప్పిన రేటుకు ఇచ్చేసి వచ్చే సరుకు అంతా అందమైన ప్యాకెట్లో అక్కడుంది. ప్యాకెట్ మీద కొండల బొమ్మ కూడా ఉంది. సంతలో మా అమ్మ ఎంతకు అమ్మిందో మాకు తెలుసు, ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఎంతుందో చూశాం. కొండ సరుకు ఏసీలో ముందు వరసలో ఉంది. కొండ మనిషి గోడౌన్లో ఉన్నాడు.

ఇక "పారిపోయి వస్తారు" అన్న మాట.

మాలో ఒకడి పెదనాన్న చనిపోయాడు. ఊళ్లో సిగ్నల్ లేదు. ఎవరో కొండెక్కి ఫోన్ చేశారు, ఫోనేమో లాకర్లో ఉంది. రాత్రి తీసి చూసుకుంటే పద్నాలుగు మిస్డ్ కాల్స్. హైదరాబాద్ నుంచి రైలులో విశాఖ, అక్కడి నుంచి బస్సులో పాడేరు, ఆ తర్వాత జీపు, ఆ తర్వాత నడక. పోవడానికే ఒకటిన్నర రోజు. ఐదు రోజులు సెలవు అడిగితే ఒక్కరోజు ఇస్తాం అన్నారు. పెదనాన్న అంటే సొంత నాన్న కాదు కదా అన్నారు. మన ఇళ్లలో పెదనాన్నంటే ఏమిటో మీకు చెప్పాలా? వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి రికార్డులో "అబ్‌స్కాండింగ్" అని రాసి ఉంది. అంటే పరారీ. దొంగతనం చేసి పారిపోయినవాళ్లకు రాసే మాటను కర్మ చేసి వచ్చినవాడికి రాశారు. ఆ నెల జీతం ఇవ్వలేదు. ఇప్పుడు మీరు ఇక్కడ కూర్చుని అదే మాటను తెలుగులో అంటున్నారు.

మన ఇటుకల పండక్కి వాళ్ల క్యాలెండర్లో చోటు లేదు. దసరాకు, సంక్రాంతికి ఊరంతా ఇంటికి పోతే ఆ రోజుల్లోనే షాపులో అన్నిటికంటే ఎక్కువ పని. ఆదివారం సెలవు లేదు, నెల మొదటి వారం అసలే లేదు. పండక్కి ఇంటికి పోవడం సోమరితనం అంటే మరి పండగ సెలవులిచ్చే ప్రతి ఆఫీసూ సోమరుల ఆఫీసే.

అన్నిటికంటే పెద్ద అన్యాయం సర్టిఫికెట్లు. చేరిన రోజు పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ మెమోలు తీసుకున్నారు. వెరిఫికేషన్ కోసం అన్నారు. మాకు చెల్లెలు వరసయ్యే ఒక అమ్మాయి డిగ్రీలో చేరదామని మానేస్తానంటే ఆరు నెలలు పూర్తి కాలేదు, ఇవ్వం అన్నారు. తిరిగింది, ఏడ్చింది, ఇక్కడి నుంచి ఫోన్లు చేయించింది. మెమోలు చేతికొచ్చేసరికి అడ్మిషన్లు అయిపోయాయి. ఒక సంవత్సరం పోయింది. ఊళ్లో ఆ సంవత్సరమే ఆ అమ్మాయికి పెళ్లి సంబంధాలు మొదలుపెట్టారు. ఇంట్లో మొదటిసారి చదువుకున్న అమ్మాయికి ఒక సంవత్సరం పోవడమంటే ఒక సంవత్సరంతో ఆగదు. మేళా ఫొటోలో ఆ అమ్మాయి కూడా ఉంది. నవ్వుతూ ఆఫర్ లెటర్ పట్టుకుని ఉంది. ఆ ఫొటో ఇంకా తిప్పుతున్నారు.

ఈ ఫొటోల వల్ల ఎవరికి లాభం? మేళా పెట్టినవాళ్లకు ఒక సంఖ్య వస్తుంది. ఇంతమందికి ఉపాధి అని పేపర్లో వస్తుంది. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే కేంద్ర పథకం 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో మొదలైంది. రిటైల్ అందులో ఒక ముఖ్యమైన ట్రేడు. ఆ పథకంలో మూడు నెలలు పనిలో ఉంటే ప్లేస్‌మెంట్ కింద లెక్క. నాలుగో నెల ఏమైందో ఎవరు అడుగుతున్నారు? మూడు నెలలకు లెక్క సరిపోయాక తిరిగొచ్చినవాళ్ల గురించి మాత్రం "నిలబడలేదు" అని మీటింగుల్లో చెబుతారు.

అసలు మనం సూపర్ మార్కెట్ వరసలోకి ఎలా వచ్చామో కూడా గుర్తు చేసుకోవాలి. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. ఆ జీవో వల్ల టీచర్లయినవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇవాళ ఇంజినీరింగు చదువుతున్నారు. సంతోషం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే అయిన నియామకాలను షరతులతో ఉంచింది. అంటే మా ముందు తరానికి తలుపు తెరిచింది, మా దాకా వచ్చేసరికి మూసేసింది. ప్రైవేటు ఉద్యోగాల్లో మనకు రిజర్వేషన్ లేదు. మీకు బడి దొరికింది, మాకు గోడౌన్ దొరికింది. తప్పు మీదని అనడం లేదు. కానీ తెరిచిన తలుపులోంచి వెళ్లినవాళ్లు, మూసిన తలుపు ముందు ఉన్నవాళ్లను చూసి "కష్టపడే గుణం లేదు" అనడం న్యాయమేనా?

ఇంకో మాట వినిపిస్తుంది. "గంజాయి మూటలు మోసి జైలుకు పోయే కంటే ఇది నయం కదా." నయమే. మా ఈడు పిల్లలు ఆ కేసుల్లో జైళ్లలో ఉన్నారు, మాకూ తెలుసు, మాకూ బాధే. కానీ జైలుతో పోల్చి చూపిస్తే ఏ పనైనా మంచిగానే కనిపిస్తుంది. మన పిల్లల భవిష్యత్తుకు కొలత జైలా?

"ఫలానా ఊరి అబ్బాయి అదే కంపెనీలో డిపార్ట్‌మెంట్ మేనేజర్ అయ్యాడు కదా" అని కూడా అంటారు. అయ్యాడు. మాకూ తెలిసిన అన్నే. ఆయన కష్టానికి దండం పెడతాం. మాలో కొందరికి మొదటి జీతంతో ఇంటికి డబ్బు పంపిన సంతోషం ఉంది. కంప్యూటర్ ముట్టుకున్నది అక్కడే. పట్నంలో బెదరకుండా మాట్లాడటం నేర్చుకున్నది అక్కడే. అవి కాదనం. షాపు పని నీచమైనదని మేం ఒక్క లైను కూడా రాయలేదు, వెతుక్కోండి. పని మంచిదే. ఆ పని చేయించే పద్ధతి మీదే మా కోపం. అందుకే "వెళ్లకండి" అని చెప్పడం లేదు. రేపు మా తమ్ముళ్లు కూడా వెళ్తారు. వెళ్లేవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదు, ఊరికే తిట్లు పడకూడదు అన్నదే మా బాధ.

పద్ధతి మారదు అనుకునేవాళ్ల కోసం కేరళ సంగతి చెప్పాలి. అక్కడ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకూ మాలాగే రోజంతా కూర్చునే వీలు లేదు, బాత్రూంకు పోయే వీలు సరిగా లేదు. కోళికోడ్‌లో పి. విజి అనే టైలరమ్మ ఆ ఆడవాళ్లను కూడగట్టింది. పెన్‌కూట్టు అని సంఘం పెట్టుకున్నారు. త్రిస్సూరులో ఒక పెద్ద చీరల షాపు ముందు ఆరుగురు సేల్స్‌వుమెన్ 2014 డిసెంబర్ చివర్లో సమ్మెకు కూర్చుని వంద రోజులకు పైగా చేశారు. ఆరుగురే! 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి పనివాళ్లకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అలాగే సవరించింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్‌లో కూడా నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఉంది. ఆ ఆరుగురు ఆడవాళ్లను చూసి వాళ్ల ఊళ్లో కూడా "వీళ్లు నిలబడలేరు" అని ఎవరో అనే ఉంటారు. వాళ్లు కూర్చుని గెలిచారు.

మనం ఏం అడగాలి? తిట్టి వదిలేయడం మాకు ఇష్టం లేదు. పదకొండు మందిమి కూర్చుని రాసుకున్నవి ఇవి.

ఐటీడీఏ అధికారులను, మేళాలు పెట్టేవాళ్లను, వాళ్లతో స్టేజీ మీద కూర్చునే మన నాయకులను అడిగేవి:

1. మేళాలో మైకులో చెప్పే జీతం చేతికొచ్చే జీతం అయి ఉండాలి. కోతలన్నీ తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వాలి.

2. అపాయింట్‌మెంట్ లెటర్ బస్సెక్కక ముందే ఇవ్వాలి. షిఫ్టు ఎన్ని గంటలు, వారం సెలవు ఏ రోజు, ఓటీ ఎంత అన్నది అందులో ఉండాలి.

3. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకునే కంపెనీని మళ్లీ మేళాకు పిలవకూడదు.

4. మూడు నెలలకు కాదు, ఆరు నెలలకు, సంవత్సరానికి లెక్క చెప్పాలి. తిరిగొచ్చిన ప్రతి ఒక్కరినీ ఎందుకొచ్చావని అడిగి రాసుకోవాలి. ఇప్పటిదాకా మా పదకొండు మందిలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు.

5. మన రెండు రాష్ట్రాల్లోనూ షాపుల చట్టంలో కూర్చునే హక్కును కేరళలాగా స్పష్టంగా రాయాలి. మన ఎమ్మెల్యేలు అసెంబ్లీలో అడగాలి.

6. జీవో 3కు బదులు కోర్టులో నిలిచే చట్టం తేవాలి. అలాగే 1956లో మన పేరు మీద పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది కదా. మన సరుకు కొనేదీ అదే, ఊళ్లలో డిపోలు నడిపేదీ అదే. మనకు సొంత షాపుల వరస అప్పటి నుంచే ఉంది. దాన్ని బాగుచేసి, పెంచి, అందులో మన పిల్లలకు పర్మినెంట్ పోస్టులు ఇవ్వాలి. మన తేనెను మనమే మన కౌంటర్లో అమ్ముకుంటే మన భాష ఎవరికి అర్థం కాదో చూద్దాం.

ఇప్పుడు వెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు:

ఒరిజినల్స్ ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి. చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు ఎన్నింటికి లోపలికెళ్లారు, ఎన్నింటికి బయటికొచ్చారు రాసుకోండి. జీతం స్లిప్పు ప్రతి నెలా అడిగి ఫొటో తీసుకోండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు మొదటి నెలలోనే అడగండి. సెలవు నోటితో అడగొద్దు, మెసేజ్ పెట్టండి. అప్పుడు "పరారీ" అని రాయలేరు. ఏజెన్సీ మనిషి ద్వారా చేరినా, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని చట్టం ఉంది. షాపున్న ఏరియాలో కార్మిక శాఖ సహాయ కార్మిక అధికారి ఉంటారు. కాగితం రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. రాయడం రాకపోతే ఈ గ్రూపులో అడగండి, మేం రాసిపెడతాం. మా పదకొండు మందిలో ఎవరో ఒకరం రాత్రి పదకొండు తర్వాత కూడా ఫోన్ ఎత్తుతాం. మీ షిఫ్టు ఎప్పుడు దిగుతుందో మాకు తెలుసు.

చివరగా పెద్దలకు. మీ మీద గౌరవం ఉంది. మీరు లేకపోతే మేం హాస్టల్ దాకా కూడా వచ్చేవాళ్లం కాదు. అందుకే ఒక్కటి అడుగుతున్నాం. ఈసారి ఎవరైనా బ్యాగుతో ఊరికి తిరిగొస్తే "ఎందుకు నిలబడలేదు" అని అడగకండి. "ఎన్ని గంటలు నిలబెట్టారు, ఎంత కోశారు, సర్టిఫికెట్లు ఇచ్చారా" అని అడగండి. ఇవ్వలేదంటే మాతో రండి. ఆ కంపెనీ గుమ్మం ముందు, ఐటీడీఏ ఆఫీసు ముందు కలిసి కూర్చుందాం.

వచ్చే మేళా కన్నా ముందే మన జిల్లా సంఘం ఈ ఆరు పాయింట్లతో పీవో గారికి వినతిపత్రం ఇవ్వాలి. సంతకం పెట్టేవాళ్లు కింద మీ పేరు, మండలం రాయండి. అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు ఉంటే మీ కోతల లెక్క కూడా రాయండి. సిగ్గుపడకండి. తిరిగి రావడం మన తప్పు కాదు.

జై ఆదివాసీ!